తగ్గితే పంపించేస్తారు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆకుకూరల టీచరమ్మ ఇంట్లో ఓడిపోయింది, ఆసుపత్రిలో ఓడిపోయింది, చివరికి బడికొచ్చి గెలిచింది. గెలిచానన్న సంగతి ఆవిడకి తెలియడానికే ఏడాది పట్టింది. తెలిశాక ఆ గెలుపుని ఎక్కడ దాచాలో తోచక నానా అగచాట్లూ పడింది. గెలిచినవాళ్ళు దాక్కోవడం ఎక్కడైనా విన్నారా? వినకపోతే ఇప్పుడు వినండి.

ముందు ఇంటి సంగతి. ఆవిడ భర్త టైలరు. బడి గేటుకి ఎదురుగా ఇరుకు షాపు, అందులో ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీపెట్టె. బంగారంలాంటి మనిషి, కాకపోతే ఒంట్లో షుగరు. ఇంట్లో ఆవిడ కొలిచి పెట్టింది కిక్కురుమనకుండా తినేవాడు. "అబ్బ, పొట్ట పగిలిపోతోందే" అంటూ లేచేవాడు. షాపుకి వెళ్ళగానే డ్రాయరు లాగి, దారపు రీళ్ళ వెనక నుంచి క్రీము బిస్కెట్ల ప్యాకెట్ తీసేవాడు. ఊరందరికీ పథ్యం చెప్పే మనిషికి ఇంట్లో ఉన్న ఒక్క రోగీ దక్కలేదు.

ఇక ఆసుపత్రి. అక్కడ ఆవిడ పని రోగులకి ఏం తినాలో చెప్పడం. ఏళ్ళ తరబడి చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. "ఉప్పు తగ్గించండి" అంటే "అలాగేనమ్మా" అని బుద్ధిగా తలూపేవారు, ఆవిడ మంచం దాటగానే దిండు కింద పొట్లం విప్పేవారు. ఆవిడకేమో అబద్ధం పడదు. డాక్టరు రౌండ్సుకి వచ్చి "ఈయన పథ్యం ఉంటున్నాడా?" అని అడిగితే, ఆ రోగి ఎదుటే "లేదండీ, కావాలంటే దిండు ఎత్తి చూడండి" అనేది. చిటికెడు ఉప్పు విషయంలో కూడా ఎవర్నీ వెనకేసుకు రాలేదు. అందుకే ఉద్యోగాలు కుదించిన రోజున మొదట ఆవిడ పేరే కొట్టేశారు. ఆవేళ వార్డులో సగం మంది రోగులకి మందు లేకుండానే నయమైంది.

ఆ తరవాత దొరికింది ఈ బడి పని. వయసుకి మించి బరువు పెరుగుతున్న పిల్లల్ని ఏరి, వాళ్ళకి తిండి సంగతులు నేర్పాలి. ఏడాది ఒప్పందం. ఏడాది చివర తనిఖీ డాక్టరు వచ్చి పిల్లల బరువు చూస్తాడు. తగ్గితే సరి, తగ్గకపోతే ఆవిడా ఉండదు, క్లాసూ ఉండదు. హెడ్‌మిస్ట్రెస్ ఈ ముక్క మొదటిరోజే తేల్చి చెప్పింది.

"ఎదిగే పిల్లలు కదా మేడమ్, అందరూ తగ్గక్కర్లేదు. కొంతమంది బరువు అక్కడే ఆగి, మనిషి పొడుగైతే చాలు" అంది టీచరమ్మ.

"పొడుగు ఎవరికి కావాలండీ? బరువు తగ్గాలి. తగ్గినట్టు మిషను చెప్పాలి" అంది హెడ్‌మిస్ట్రెస్.

క్లాసు ఎప్పుడు పెట్టాలన్నది ఇంకో తంటా. లెక్కల పీరియడ్ ముట్టుకుంటే లెక్కల మాస్టారు ఊరుకోడు. సైన్సు ముట్టుకుంటే సైన్సు మేడమ్ ఏడుస్తుంది. ఎవరూ గొడవపడనిది ఆటల పీరియడ్ ఒక్కటే. కాబట్టి మిగతా పిల్లలంతా గ్రౌండులో గెంతులేస్తుంటే, గెంతాల్సిన పిల్లల్ని తీసుకొచ్చి బెంచీల మీద కూర్చోబెట్టి, గెంతితే ఒంటికి మంచిదని పాఠం చెప్పాలి. ఈ ఏర్పాటు చేసినప్పుడు ఆఫీసు గదిలో ఒక్కరికీ నవ్వు రాలేదట!

ఇచ్చిన గది వరండా చివర, విరిగిన బెంచీల గదికి పక్కన. కిటికీలోంచి గ్రౌండు కనిపిస్తుంది. మిగతా పిల్లలు ఆ గదికి "గోడౌన్" అని పేరు పెట్టారు. పిల్లలు ఎంత ముద్దొస్తారో అంత కర్కోటకులు మరి.

మొదటిరోజు టీచరమ్మ గోడకి రంగుల చార్టు తగిలించింది. ఎదురుగా పిల్లలు తలలు దించుకుని కూర్చున్నారు. ముందు వరసలో స్కూటర్ల మెకానిక్ కూతురు చెయ్యెత్తింది.

"టీచర్, మేం ఏం తప్పు చేశాం?"

టీచరమ్మ చార్టు చుట్టి మూల పెట్టేసింది. "తప్పేం లేదు తల్లీ. ఎవరైనా తప్పు చేశారంటే వాళ్ళ పని నేను చూస్తాను. ముందు ఈ క్యారెట్ కొరికి చూడు, తీపో చప్పనో చెప్పు" అంది.

అక్కణ్ణుంచి ఆ గది రూపమే మారిపోయింది. కళ్ళకి గంతలు కట్టుకుని రుచి చూసి పేరు చెప్పడం ఒక ఆట. ప్యాకెట్ వెనకాల చీమ తలంత అక్షరాల్లో దాగిన పంచదారని పట్టుకోవడం ఒక ఆట. దానికి పిల్లలు "దొంగా పోలీసూ" అని పేరు పెట్టారు. గింజలు నానేసి మొలకల కోసం కాపలా కాశారు. బెంచీలు గోడకి నెట్టి, దుమ్ము లేచిపోయేలా పట్టుకునే ఆట ఆడారు. అన్నిటికంటే ఆవిడకి ఇష్టమైన పాఠం ఇంకొకటుంది. ఏదైనా తినబోయే ముందు పొట్ట మీద చెయ్యేసుకుని అడగాలి: ఇది ఆకలా, దిగులా?

ఒకరోజు మెకానిక్ కూతురు పొట్ట మీద చెయ్యేసుకుని చాలాసేపు ఆలోచించింది. "టీచర్, ఆటల పీరియడ్ ఉన్న రోజున నాకు తెగ ఆకలేసేది. అది ఆకలి కాదేమో" అంది.

"మరి?"

"జట్లు పంచుకునేటప్పుడు నన్ను ఎవరూ పిలవరు. చివర్లో మిగిలిపోతాను. అప్పుడు మాస్టారు 'ఆ అమ్మాయిని ఎవరో ఒకరు తీసుకోండర్రా' అంటారు."

గదిలో మిగతా పిల్లలందరూ తలూపారు. వాళ్ళందరిదీ అదే కథ. ఈ గోడౌన్‌లో మాత్రం ఎవరూ మిగిలిపోవడం లేదు.

ఇదంతా ఇలా సాఫీగా సాగుతుండగా హెడ్‌మిస్ట్రెస్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఆవిడకి ఆలోచన వచ్చిందంటే ఎవరికో మూడినట్టే. "మామూలు బరువుకి వచ్చిన పిల్లల్ని ప్రార్థనలో నిలబెట్టి చప్పట్లు కొట్టిద్దాం. ఆ రోజు నుంచే వాళ్ళని మళ్ళీ ఆటలకి పంపించేద్దాం. బహుమతిలా ఉంటుంది!"

మొదటి బహుమతి నవ్వులరాయుడికి దక్కింది. ఎప్పుడూ ఇకిలిస్తూ ఉంటాడు కాబట్టి వాడికా పేరు. బడి మొత్తం చప్పట్లు కొట్టింది. వాడు మాత్రం ఆ ఒక్కరోజూ నవ్వలేదు. గ్రౌండుకెళ్ళి గోల్ కర్ర పక్కన ఇంకో కర్రలా నిలబడ్డాడు. కొన్ని వారాలకి గోడౌన్ తలుపు తోసుకుని వచ్చి, పరీక్ష పాసైనవాడిలా అరిచాడు: "టీచర్! మళ్ళీ పెరిగాను!"

పిల్లలంతా లేచి చప్పట్లు కొట్టారు. ఇవి ప్రార్థనలో కొట్టిన చప్పట్ల లాంటివి కావు, చేతులు మండేలా కొట్టినవి. టీచరమ్మకి ఏమీ అర్థం కాలేదు. "పాపం, పిల్లలది మంచి మనసు" అనుకుంది. పిచ్చి తల్లి!

ఆ రోజు నుంచి బరువు మిషనుకి దయ్యం పట్టింది. పిల్లల బుగ్గలు లోపలికి పోతున్నాయి, మెట్లెక్కితే ఆయాసం లేదు, స్కర్టులు జారుతుంటే పిన్నులు పెట్టుకుంటున్నారు. మిషను ఎక్కితే మాత్రం ముల్లు పాత చోటే చూపిస్తోంది. కళ్ళు ఒకటి చెబుతున్నాయి, మిషను ఒకటి చెబుతోంది. ఆసుపత్రిలో అన్నేళ్ళు పనిచేసిన మనిషి కదా, ఆవిడ మిషనునే నమ్మింది. కొత్త మిషను తెప్పించింది. కొత్తదీ ఆ మాటే అంది. ఆకులు పెంచింది, గింజలు మార్చింది. ముల్లు కదిలితే ఒట్టు.

"టీచర్ గారూ, తనిఖీ దగ్గర పడుతోంది" అని హెడ్‌మిస్ట్రెస్ వరండాలో ఎదురైనప్పుడల్లా గుర్తుచేసేది. ఉద్యోగం పోతుందన్న భయం కంటే, పిల్లలు మళ్ళీ గ్రౌండు అంచున మిగిలిపోతారన్న దిగులు ఆవిడకి కంటిమీద కునుకు లేకుండా చేసింది. కానీ ఆ మాట పిల్లలకి చెప్పలేదు. పసివాళ్ళ నెత్తిన ఆ బరువు ఎందుకని ఊరుకుంది.

అసలు జరుగుతున్నదేమిటో మీకు చెప్పేస్తాను, టీచరమ్మకి ఇంకాసేపట్లో ఎలాగూ తెలుస్తుంది. మెకానిక్ షాపులో తుప్పుపట్టిన నట్లూ బోల్టులూ పడేసే డబ్బా ఒకటుంది. ఆ డబ్బా మెల్లగా గోడౌన్ పిల్లల నడుములకి చేరింది. తూకం రోజున స్కర్టుల లోపల, నిక్కర్ల లోపల, ఎవరికీ కనపడని జేబుల్లో ఇనుము నింపుకుని పిల్లలు మిషను ఎక్కుతున్నారు. పైగా కడుపు నిండా నీళ్ళు. తగ్గితే పంపించేస్తారు కదా!

మరి ఆ జేబులు కుట్టిందెవరు? ఇంకెవరు, సాక్షాత్తూ టీచరమ్మ మొగుడే. "గోళీలు దాచుకోడానికి అంకుల్" అన్నారు పిల్లలు. కుట్టుకూలి కింద ఇంటి నుంచి తెచ్చుకున్న క్రీము బిస్కెట్లూ, చాక్లెట్లూ ఇచ్చారు. ఎలాగూ వాళ్ళు తినడం మానేశారు. వాటి వెనకాల దొంగలెవరో వాళ్ళకి తెలుసు మరి. ఆయన మాత్రం అడిగినవాళ్ళకి అడిగినన్ని జేబులు కుట్టి, ఇచ్చినవి ఇచ్చినట్టు డ్రాయర్లో వేసుకున్నాడు. ఆవిడ పాఠం విని పిల్లలు వదిలేసిన తీపి అంతా తిన్నగా ఆవిడ ఇంటి షుగరులోకే వచ్చి చేరింది.

ఒక ఉదయం ఇంట్లో ఆయన వేలు గుచ్చి షుగరు పరీక్ష చేసింది. మిషను చూపించిన అంకె చూసి హడలిపోయింది. ఇది మామూలు దొంగతనం కాదు, ఎవరో సరఫరా చేస్తున్నారు. నేరుగా షాపుకెళ్ళి డ్రాయరు లాగింది. దారపు రీళ్ళ జాడే లేదు, అంతా ప్యాకెట్లే!

"ఎక్కడివండీ ఇవి?"

టైలరు దొంగకి తేలు కుట్టినట్టు బిగుసుకుపోయాడు. "కొనలేదే, నీ మీదొట్టు! మీ పిల్లలే ఇచ్చారు."

"మా పిల్లలా? ఎందుకు?"

"జేబులు కుట్టినందుకు. లోపలి జేబులు. గోళీలకట."

"ఆడపిల్లలకి కూడా గోళీలేనా?"

"నేనూ అదే అనుకున్నాను. గట్టి గుడ్డతో కుట్టమన్నారు, బరువు ఆగాలట" అన్నాడాయన. అన్నాక ఆయనకి కూడా ఏదో తట్టి, టేపు చేతిలోకి తీసుకున్నాడు. "అదేంటో కానీ, నడుం కొలతలు మాత్రం ఒక్కొక్కరివి భలే తగ్గాయి."

టీచరమ్మ షాపు మెట్టు మీదే కూలబడింది. తన ఏడాది శ్రమ ఫలించిందన్న వార్త, మొగుడి దొంగ బిస్కెట్ల మధ్యలో కూర్చుని వినాల్సి వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. తరవాత ఆ ప్యాకెట్లన్నీ సంచిలో పోసుకుని, ఆయన గుటకలు మింగుతూ చూస్తుండగానే చెత్తకుండీలో పారేసింది.

ఆ రోజు తూకం రోజే. మిషను ఎక్కించకముందే క్లాసు తలుపు దగ్గరగా వేసి అంది. "జేబులు తిరగెయ్యండి."

ఒక్కో బెంచీ మీదా ఇనుము గలగలమంది. మెకానిక్ కూతురు ఏడుపు ఆపుకుంటూ లేచింది. "కొట్టకండి టీచర్. తగ్గితే పంపించేస్తారు. మాకు ఇక్కడే ఉండాలనుంది."

"కొట్టడమేంటి తల్లీ! తగ్గకపోతే ఏమవుతుందో తెలుసా మీకు?" అంది ఆవిడ. అనకూడదనుకున్న మాట అప్పటికే నోటిదాకా వచ్చేసింది. "తగ్గకపోతే నన్ను పంపించేస్తారు. ఈ గది మూసేస్తారు."

ఈ గదిలోనే ఉండాలని వీళ్ళు ఇనుము మోశారు, ఈ గది నిలబడాలని ఆవిడేమో ఆకులు మోసింది. ఇద్దరూ ఒకే తాడుని చెరో వైపు పట్టుకుని లాగారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆఖరికి నవ్వులరాయుడు గొంతు సవరించుకున్నాడు. "టీచర్, సగం తీసేద్దాం."

"సగమేంట్రా?"

"సగం నట్లు తీసేస్తే సగం తగ్గినట్టు ఉంటాం. తగ్గారని మిమ్మల్ని ఉంచుతారు, పూర్తిగా తగ్గలేదని మమ్మల్నీ ఉంచుతారు."

లెక్కల మాస్టారు వినుంటే ఆనందంతో మూర్ఛపోయేవాడు. టీచరమ్మకి మాత్రం చెమటలు పట్టాయి. దిండు ఎత్తి చూపించిన మనిషి ఆవిడ! "అది తప్పు" అనడానికి నోరు తెరిచింది. ఎదురుగా ఉన్న మొహాలు చూసింది. బోర్డు వైపు తిరిగి, దాని మీద ఏమీ రాసి లేకపోయినా శుభ్రంగా తుడవడం మొదలుపెట్టింది. వెనకాల చెత్తడబ్బాలో సగం నట్లు ఒక్కొక్కటిగా పడుతున్న చప్పుడు ఆగేదాకా తుడుస్తూనే ఉంది.

తనిఖీ డాక్టరు గడియారం చూసుకుంటూ వచ్చాడు. పిల్లలు వరసగా మిషను ఎక్కి దిగారు. వరస చివరికి వచ్చేసరికి ఆయన మొహం ముడుచుకుపోయింది.

"తగ్గారు, కాదనను. కానీ కొద్దిగా. ఇంత కొద్దికి ఏడాదంతా ఒక టీచరూ, ఒక గదీ కావాలా మేడమ్?"

హెడ్‌మిస్ట్రెస్ టీచరమ్మ వైపు చూసింది. టీచరమ్మ నేల వైపు చూసింది. సగం అబద్ధానికి సగం ఫలితమే వస్తుందని ఆవిడకి తట్టి ఉండాల్సింది.

"పూర్తిగా మామూలు బరువుకి వచ్చినవాళ్ళు ఒక్కరు ఉన్నా, పైవాళ్ళకి చెప్పి కొనసాగించమంటాను. ఒక్కరైనా లేరే!" అన్నాడు డాక్టరు, పెన్ను మూత తీస్తూ.

వరసలో ఇంకా ఒక్కరే మిగిలారు, మెకానిక్ కూతురు. ఆ మాట విని గతుక్కుమంది. వెనక్కి తిరిగి తన వాళ్ళందర్నీ ఒకసారి చూసింది. "సార్, ఒక్క నిమిషం. నీళ్ళు ఎక్కువ తాగేశాను" అని పరుగెత్తింది. డాక్టరు నవ్వాడు, హెడ్‌మిస్ట్రెస్ తిట్టుకుంది. టీచరమ్మకి మాత్రం ఆ పరుగు ఎందుకో అర్థమైంది. "వద్దు తల్లీ" అనాలనుకుంది. ఏమని అంటుంది, ఎవరి ముందని అంటుంది?

తిరిగొచ్చినప్పుడు ఆ పిల్ల స్కర్టు జారిపోకుండా నడుం దగ్గర పిడికిలితో పట్టుకుని ఉంది. నడుం చుట్టూ కూరిన ఇనుము లేకపోతే అది ఆ నడుం మీద నిలవడం లేదు. అలాగే మిషను ఎక్కింది. ముల్లు అందరి కళ్ళముందూ కిందికి వచ్చి ఆగింది.

"శభాష్! ఏం చేశావమ్మా నువ్వు?" అన్నాడు డాక్టరు.

"ఏం చెయ్యలేదు సార్. టీచర్ చెప్పింది విన్నాను."

చెప్పింది విన్నాను! ఈ ఒక్క మాట కోసం ఆవిడ ఎన్ని మంచాల చుట్టూ తిరిగింది, ఎన్ని దిండ్లు ఎత్తింది! తీరా ఆ మాట చెవిన పడ్డ రోజున ఆవిడకి ఆనందం రాలేదు, కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. డాక్టరు వాటిని ఆనందబాష్పాలనుకుని ఆవిడకి ప్రత్యేకంగా అభినందనలు చెప్పి వెళ్ళాడు. క్లాసు ఇంకో ఏడాది ఉంటుందని ఆ సాయంత్రమే తెలిసింది.

మర్నాడు ప్రార్థనలో చప్పట్లు కొట్టించారు. ఆటల పీరియడ్ గంట మోగింది. గోడౌన్‌లో ముందు బెంచీ ఖాళీగా ఉంది. టీచరమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళింది. గ్రౌండులో ఇద్దరు నాయకులు జట్లు పంచుకుంటున్నారు. నువ్వు రా, నువ్వు రా. పిలిచినవాళ్ళు ఎగిరి గంతేసి వెళుతున్నారు. మెకానిక్ కూతురు ఒక చేత్తో స్కర్టు పట్టుకుని, రెండో చెయ్యి పొట్ట మీద వేసుకుని నిలబడింది.

టీచరమ్మకి ఇంతకాలం కిటికీలోంచి చూస్తూ, పరిగెత్తడం మంచిదని పాఠం చెప్పిన తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది.

"లేవండర్రా. బూట్లు వేసుకోండి."

"ఎక్కడికి టీచర్?"

"పాఠానికి. గ్రౌండుకి."

పిల్లలు కదల్లేదు. "వాళ్ళు నవ్వుతారు టీచర్" అన్నాడు నవ్వులరాయుడు.

"నవ్వనీరా. నాకు పరిగెత్తడం అసలు రాదు. ముందు నన్ను చూసి నవ్వుతారు. మీ వంతు వచ్చేసరికి వాళ్ళకి దవడలు నొప్పెడతాయి."

గ్రౌండు మధ్యకి వెళ్ళేసరికి ఆవిడకి సగం ఆయాసం వచ్చేసింది. నాయకులిద్దరూ నోరు తెరిచి చూస్తున్నారు. ఆవిడ వాళ్ళ పక్కన మూడో నాయకురాలిగా నిలబడి, అందరికీ వినపడేలా మెకానిక్ కూతుర్ని పిలిచింది.

"మా జట్టుకి మొదట నువ్వు."

ఆ పిల్ల తన వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది. ఎవరూ లేరు. పొట్ట మీద చెయ్యి తీసేసి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆ వెనకే గోడౌన్ మొత్తం వచ్చింది.

ఆట మొదలై కాసేపైనా కాలేదు, హెడ్‌మిస్ట్రెస్ వరండాలోంచి చేతులూపుతూ పరుగున వచ్చింది. "టీచర్ గారూ! ఆటల పీరియడ్‌లో ఈ ఆటలేమిటండీ? తిండి పాఠం ఎవరు చెబుతారు?"

టీచరమ్మకి జవాబు చెప్పడానికి ఊపిరి అందలేదు. పైగా బంతి ఇటే వస్తోంది.